పన్నెండు రోజులు దాటిన దొంగతనం

నేను ఒక రాత అట్టను. పరీక్షలకు వెళ్ళే పిల్లలు చంకలో పెట్టుకుని పోతారే, నెత్తిన ఇనుప క్లిప్పు ఉంటుందే, ఆ జాతిదాన్ని. అయితే నా మీద ఎవరూ ఒక్క పరీక్ష రాసిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్ళుగా నా మీద పెట్టి రాసినవన్నీ ఇతరుల గోడు. అందుకే నా మాటతీరు కాస్త కచేరీ గుమాస్తాలా ఉంటుంది. ఏమీ అనుకోకండి.

పుట్టింది విజయవాడలో, ఒక రేకుల షెడ్డులో. కోతమిల్లులో రాలిన చెక్కపొట్టును బంకతో కలిపి, వేడి పలకల మధ్య ఒత్తితే నా ఒళ్ళు తయారైంది. నాతోపాటు పుట్టినవాటికి పైన రెక్సిన్ తొడుగు వేశారు. నా వంతు వచ్చేసరికి రెక్సిన్ అయిపోయింది. మేస్త్రీ అటూ ఇటూ చూసి, మందపాటి గోధుమరంగు కాగితం ఒకటి అతికించి నన్ను కట్టలో తోసేశాడు. ఆ కాగితం మెత్తనిది. ఎవరైనా కలం నొక్కి రాస్తే, పైకాగితం మీది అక్షరం నా ఒంటి మీద గాడిలా దిగిపోతుంది. ఆ మేస్త్రీ కక్కుర్తి వల్లనే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఒక కథ మిగిలింది.

నన్ను మొదట కొన్నది ఏలియా గారు. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్నంలో, తాలూకా కచేరీ ముందు గానుగచెట్టు నీడన చాప వేసుకుని అర్జీలు రాసేవారు. కార్బన్ కాగితాలు పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీసేవారు కాబట్టి ఆయన నొక్కుడు మామూలు నొక్కుడు కాదు. ప్రతి అర్జీలోనూ 'కన్నీరు మున్నీరుగా విలపిస్తూ విన్నవించుకొనునది' అనే మాట ఉండి తీరాలి. అర్జీదారు ఎదురుగా కూర్చుని తాపీగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నా సరే, కాగితం మీద మాత్రం విలపించవలసిందే. ఆ మాట నా మీద ఎన్ని వందలసార్లు దిగిందో లెక్కలేదు.

ఆయన కూతురు సలోమి బడి వదిలాక వచ్చి చాప అంచున కూర్చునేది. తండ్రి రాసిన ప్రతులను సరిచూడటం ఆమె పని. ఒకసారి ఏదో గట్టు తగాదా అర్జీలో ఆమె తేదీ తప్పు చూసుకోకుండా వదిలేస్తే ఆయన మూడు ప్రతులూ చించేసి మళ్ళీ రాశారు. కోప్పడలేదు. "ఏడుపు కాస్త ఎక్కువ రాసినా ఫర్లేదు సలోమీ. తేదీ మాత్రం ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాకూడదు. తేదీ తప్పిందంటే తక్కిందంతా అబద్ధం కిందే కట్టేస్తారు" అన్నారు. ఆయన పోయాక చాప ఎవరో పట్టుకుపోయారు. నేను సలోమికి దక్కాను.

సలోమి డిగ్రీ దాకా చదివింది. పక్కా ఉద్యోగం దొరకలేదు గానీ, ఇల్లిల్లూ తిరిగి రాసే పని ఏది వచ్చినా ఆమెకే కబురు వచ్చేది. పోలియో చుక్కల పట్టీలు, ఓటర్ల పట్టీలు, మరుగుదొడ్ల లెక్కలు, అన్నీ నా మీదే రాసింది. తండ్రి నొక్కుడే ఆమెకూ వచ్చింది. ఇప్పుడు కార్బన్ కాగితాలు లేకపోయినా, కింద ఇంకో రెండు ప్రతులు ఉన్నట్టే రాసేది.

ఆమెకు ముప్పై ఆరేళ్ళప్పుడు దేశమంతా ఒక పెద్ద సర్వే పెట్టారు. నేరాల సర్వే. పోలీసు స్టేషన్లలో రాసుకున్న నేరాలు కాక, జనం నిజంగా పడ్డ నేరాలు ఎన్నో తెలుసుకోవాలట. దానికోసం వీధికి కొన్ని ఇళ్ళు ఎంచి, లోపలికి వెళ్ళి కూర్చుని అడగాలి. మీ ఇంట్లో ఏమైనా పోయాయా, ఎవరైనా కొట్టారా, బెదిరించారా, పోలీసులకు చెప్పారా, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు. నాకు ఆ ప్రశ్నలు నచ్చాయి. ముప్పై ఏళ్ళలో ఎవరి గోడైనా సరే, వాళ్ళంతట వాళ్ళు కచేరీ దాకా మోసుకొస్తేనే రాశారు. గోడు వినడానికి మనుషుల్ని ఇళ్ళకు పంపడం నేను చూడటం అదే మొదలు.

శిక్షణ మూడు రోజులు జరిగింది. అక్కడ ఒక విషయం పదేపదే చెప్పారు. సర్వే చేసే రోజుకు వెనక సరిగ్గా పన్నెండు నెలల్లో జరిగినవే రాయాలి. అంతకు ముందువి ఎంత ఘోరమైనవైనా లెక్కలోకి రావు. జనం తేదీలు చెప్పలేరు కాబట్టి పండగలు, తుఫానులు, ఎన్నికలు ఆనవాళ్ళుగా పెట్టుకుని కాలం తేల్చుకోవాలి. రాసింది కొట్టవలసి వస్తే దిద్దుళ్ళు లేకుండా, కింది అక్షరాలు కనపడేలా ఒకే ఒక్క గీత గీసి పక్కన సంతకం చెయ్యాలి. సొంత అభిప్రాయం నోరు జారకూడదు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. ఈ చివరి దానికి సంతకం కూడా పెట్టించుకున్నారు. సంతకం పెట్టింది సలోమే గానీ నేను కాదు. అయినా ఆమె చంకలో అన్నేళ్ళు బతికినదాన్ని, ఆ మర్యాద నాకూ అంటింది. అందుకే ఊరి పేరు చెప్పడం లేదు, ఇకపై వచ్చే ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు మార్చాను.

సర్వేలో మనుషుల తమాషా చాలా చూశాను. ఇంటాయన మీసం సవరించుకుని "మా ఇంట్లో దొంగతనమా? ఎవడికమ్మా అంత ధైర్యం" అనేవాడు. లోపల్నుంచి ఇల్లాలు "గ్యాసు బండ పోలేదూ?" అనేది. ఆయన "అది పోవడం కాదు, ఎవరో తీసుకెళ్ళారు" అనేవాడు. సలోమి నవ్వకుండా రాసుకునేది. నవ్వకుండా ఉండటం కూడా శిక్షణలో భాగమే.

వినాయకచవితి నాలుగు రోజుల్లో ఉందనగా మేం ఆ వీధికి వెళ్ళాం. సెప్టెంబరు పద్నాలుగో తేదీ. ఆ రోజుది మొదటి ఇల్లు హైమవతి గారిది. ఆమె భర్త పొగాకు కంపెనీలో లెక్కలు రాస్తాడు. సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. దొంగతనాల ప్రశ్న రాగానే ఆమె ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు ముందుకు జరిగారు.

"రాసుకోండి. నా పెళ్ళి పట్టుచీర పోయింది. మామిడిపండు రంగు, నెమలికంఠం అంచు. పోయిన చవితికి, మూడో రోజు ఊరేగింపుకి కట్టుకుందామని ఇస్త్రీకి ఇచ్చాను. మా వీధి చివర ఇస్త్రీ చేస్తుందే నాంచారమ్మ, ఆవిడే కాజేసింది. మూట ఎవరో ఎత్తుకెళ్ళారని ఏడ్చింది. ఇన్నేళ్ళుగా పోనిది నా చీర ఉన్న రోజే పోయిందా?"

సలోమి 'సంఘటన క్లుప్తంగా' అనే మూడు గీతల గడిలో ఆ మాటల సారం రాసింది. ఎప్పుడు అన్నచోట నెల అంకె మాత్రమే వెయ్యాలి. పండగ ఇప్పుడు సెప్టెంబరులో వస్తోంది కాబట్టి పోయినేడూ సెప్టెంబరే అనుకుని తొమ్మిది వేసింది. తర్వాత ప్రశ్న, తీసిందెవరో తెలుసా. తెలుసన్నారు హైమవతి గారు. ఆ తర్వాతిది ఉన్నదున్నట్టు చదివి వినిపించాలి. సలోమి చదివింది.

"ఎలా తెలుసండీ? మీరు కళ్ళారా చూశారా, చూసినవాళ్ళు చెప్పారా, లేక అనుమానమా?"

"అనుమానమేంటి, వీధంతా అంటుంటేనూ."

"చూసినవాళ్ళు ఎవరైనా చెప్పారాండీ?"

"మూడోదే వేసుకోండి" అన్నారు హైమవతి గారు, కిటికీ వైపు చూస్తూ. ఆమెకు ఆ గడి నచ్చలేదని నాకు తెలిసింది. కానీ అబద్ధం చెప్పడానికీ మనసొప్పలేదు. మనిషి మంచిదే. ఏడాదిగా తిట్టుకోవడమే తప్ప ఒక్కసారీ కూర్చుని ఆలోచించలేదు, అంతే.

ఎంచిన ఇళ్ళలో ఆరోది నాంచారమ్మది. పట్టీలో ఆ పేరు చూడగానే సలోమి వేళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. పొద్దున విన్నది మొహంలో కనపడకూడదు.

వీధి చివర, కట్టడం సగంలో ఆగిపోయిన ఒక మేడ మెట్ల కింద ఇస్త్రీ బల్ల. వెనక రెండు గదుల ఇల్లు. నాంచారమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. బల్ల మీద పట్టుమని పది బట్టలు లేవు. చినిగిన అట్టపెట్టె ముక్క ఒకటి పెట్టి, దాని కొలతకు చొక్కా మడత పెడుతోంది. సలోమి "నాంచారమ్మ గారండీ" అనేసరికి ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలుస్తున్నారేమో అని.

నియమం ప్రకారం ముందుగా ఒక హామీ చదవాలి. సలోమి చదివింది. మీరు చెప్పేది రహస్యంగా ఉంచుతాం, ఏ ఒక్కరికీ చెప్పం, మీ పేరు బయటికి రాదు. ఆ హామీ వింటే అందరూ కుదుటపడేవారు. నాంచారమ్మ మొహం మాత్రం వాడిపోయింది.

"ఎవురికీ చెప్పకపోతే మరి రాసుకోటం ఎందుకమ్మా?" అంది. "నేను అందరికీ చెప్పమంటున్నా."

సలోమి ప్రశ్నల్లోకి వెళ్ళిపోయింది. ఏమైనా పోయాయా అనగానే నాంచారమ్మ ఇస్త్రీ పెట్టెను ఇటుక మీద నిలబెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నేల మీద కూర్చుంది.

"పోయిన చవితి మూడోనాడమ్మా, బొమ్మను నీళ్ళలో కలిపే రోజు. పొద్దు గుంకుతా ఉంది. మేళం వినపడితే మలుపు దాకా పోయి దణ్ణం పెట్టుకున్నా. ఎంతసేపు, బొమ్మ దాటిపోయిందాకా. వచ్చి చూస్తే బల్ల మీద మూట లేదు, పెట్టె లేదు. మా అత్త చేతి ఇత్తడి పెట్టె. నిప్పులు నేల మీద గుమ్మరించి పట్టుకుపోయారు. అదిగో, బండ ఇప్పటికీ నల్లగానే ఉంది చూడు."

చూశాం. మెట్టు పక్కన బండ మీద చేటంత మచ్చ. చీర తనే కాజేసిన మనిషి తన బల్ల కిందే నిప్పులు ఎందుకు కుమ్మరిస్తుంది? ఈ ప్రశ్న ఫారంలో లేదు. సలోమి మొదటి గడి నింపింది. పొద్దున హైమవతి గారి ఫారం నా మీద ఎక్కడ ఆనిందో, ఈ ఫారమూ సరిగ్గా అక్కడే ఆనింది. ఒకే అచ్చు, ఒకే క్లిప్పు. ఆ మూడు గీతల మీదే ఈ మూడు గీతలూ పడ్డాయి. నెల గడిలో మళ్ళీ తొమ్మిదే పడింది.

"పోలీసులకు చెప్పారా?"

"ఆ రోజే పోయా. ఇస్త్రీ పెట్టెకి కేసు రాస్తే నవ్వుతారు పొమ్మన్నాడు అక్కడాయన. కలం కూడా తియ్యలా. బట్టలున్నయ్యా, అందులో పట్టుచీరుందయ్యా అంటే, చీర గలామెను రమ్మను అన్నాడు. ఆమె ఎందుకొస్తది? నేనే తీశానంటది ఆమె."

"తీసిందెవరో మీకు తెలుసా?"

"తెలిస్తే నాకీ గతేంది తల్లీ. నేను తీశానని మాత్రం వీధంతటికీ తెలుసు." బల్ల వైపు చూపించి అంది, "ముప్పై ఇళ్ళోళ్ళు బట్టలేసేవాళ్ళు. ఇప్పుడు ఎనిమిదిళ్ళు. అది కూడా కాదమ్మా నా బాధ. ఏడాదిగా ఒక్కరంటే ఒక్కరు, ఏం జరిగింది నాంచారమ్మా అని నన్నడగలా. నువ్వడిగావు. గవర్నమెంటు కాయితం మీద నా పెట్టె పోయిందని ఉంటే చాలు. రేపు ఎవురన్నా అంటే, రాసుకుపోయారు పో అంటా."

ఆమెకు కావలసింది అంతే. అడిగింది పెట్టె కాదు, పరిహారం కాదు, పోయిందని ఒక రాత. అది రాసి ఉంది కూడా. సలోమి తర్వాతి పేజీ తిప్పబోయింది. ఆ సమయంలో నాంచారమ్మ ఊరికే, మాట సాగదీస్తూ అంది.

"దానికితోడు ఈ ఏడు రెండు శ్రావణాలొచ్చినయ్ గదా. అధిక మాసంలో పెళ్ళిళ్ళుండవు, పేరంటాలుండవు. ఉన్న బట్టలు కూడా రాలా. చవితి కూడా అందుకే ఇంత ఆలస్యం."

సలోమి కలం ఆగింది.

సలోమిది చర్చికి వెళ్ళే ఇల్లు. ఆమె క్రిస్మస్ ప్రతి ఏడూ డిసెంబరు ఇరవై అయిదునే వస్తుంది. తెలుగు నెలల్లో కొన్నేళ్ళకొకసారి ఒక నెల రెండుసార్లు వస్తుందనీ, ఆ ఏడు పదమూడు నెలలుంటాయనీ విన్నది గానీ ఎన్నడూ లెక్క వేసుకున్నది కాదు. "పెద్దమ్మా, పోయినేటి క్యాలెండరు ఉందా?" అని అడిగింది.

ఉంది. లక్ష్మీదేవి బొమ్మ ఉందని పారెయ్యకుండా, అదే మేకుకు కొత్తదాని వెనక ఉంచింది నాంచారమ్మ. సలోమి లేచి వెళ్ళి కొత్తదాన్ని పైకెత్తి చూసింది. పోయినేడు చవితి ఆగస్టు ముప్పై ఒకటి. మూడో రోజు సెప్టెంబరు రెండు. ఇవాళ సెప్టెంబరు పద్నాలుగు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. సర్వే వాళ్ళ పన్నెండు నెలలకు పన్నెండు రోజులు అవతల పడింది ఆ దొంగతనం.

ఇక్కడ మీరొకటి గమనించాలి. ఫారంలో ఉన్నది నెల గడి మాత్రమే. సెప్టెంబరు రెండయినా తొమ్మిదే, ఇరవై అయినా తొమ్మిదే. రాసిందాంట్లో తప్పు లేదు. సూపర్వైజరు పట్టుకోలేడు, ఢిల్లీలో యంత్రమూ పట్టుకోలేదు. సలోమి నోరు మూసుకుంటే చాలు, నాంచారమ్మ పెట్టె దేశం లెక్కలో చేరుతుంది. అయితే పొద్దున రాసిన హైమవతి గారి చీరది కూడా అదే తేదీ. ఇది ఉంచితే అదీ ఉండాలి, నాంచారమ్మ మీద అనుమానంతో సహా. నాకైతే ఏ మొహమాటమూ లేదు. చెయ్యంటూ ఉంటే అదొక్కటే కొట్టేసి, ఇది వదిలేసేదాన్ని. సలోమికీ ఆ ఊహ వచ్చినట్టుంది. ఫారాల కట్టలోంచి పొద్దుటి ఫారం సగం బయటికి తీసి, మళ్ళీ లోపలికి నెట్టింది. గానుగచెట్టు కింద చింపిన మూడు ప్రతులు ఆమెకు గుర్తొచ్చాయేమో నేను చెప్పలేను. నాకు మాత్రం గుర్తొచ్చాయి.

ఆమె నాంచారమ్మ ఎదుటే గీత గీసింది. ఒకే ఒక్క గీత, మూడు వరుసల మీదుగా ఏటవాలుగా. పక్కన సంతకం చేసింది. చదువు రాకపోయినా, కొట్టివేత అంటే ఏమిటో అందరికీ తెలుసు.

"కొట్టేశావేందమ్మా?"

సలోమి చెప్పింది. ఈ సర్వేకు ఏడాదంటే ఎంతో, రెండు శ్రావణాల వల్ల అది ఎలా దాటిపోయిందో చెప్పింది. నాంచారమ్మ శ్రద్ధగా విన్నది.

"చవితి రాందే ఏడాదెట్టా అయిందమ్మా? మా లెక్కలో ఇంకా కాలా."

"మీ లెక్క తప్పు కాదు పెద్దమ్మా. ఈ కాగితం లెక్క వేరు."

"అయితే నా పెట్టె పోనట్టేనా?"

సలోమి కలానికి క్యాపు పెట్టి పక్కన ఉంచింది. "పోయింది. మీరు తియ్యలేదు. నేను నమ్ముతున్నాను. ఇందులోకి మాత్రం రాదు" అంది. సొంత అభిప్రాయం చెప్పకూడదన్న నియమాన్ని ఆ మొత్తం సర్వేలో ఆమె తప్పింది ఆ ఒక్కసారే. నాకు గర్వంగా అనిపించింది. ఏలియా గారు ఉన్నా తప్పు పట్టేవారు కాదు.

నాంచారమ్మ బండ మీది మచ్చ వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ స్టేషన్లో కలమే తియ్యలా" అంది. "నువ్వు రాశావు, కొట్టావు. రెండూ నా కళ్ళ ముందే చేశావు. కానీలే తల్లీ. మిగతాయి అడుగు." మిగతావన్నీ అడిగింది. అన్నిటికీ లేదనే జవాబు.

సాయంత్రం వెలుగు ఉండగానే మళ్ళీ హైమవతి గారింటికి వెళ్ళాం. అడగకుండా కొట్టకూడదు. తేదీ సరిచూసుకుందామని వచ్చానంది సలోమి. హైమవతి గారు డైరీ తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చూశారు. సెప్టెంబరు రెండే. సలోమి గీత గీసి సంతకం చేసింది.

"అయితే నా చీర పోనట్టేనా?" అన్నారు ఆమె.

వీధి ఆ చివర నాంచారమ్మ అన్న మాటే. పెట్టె చోట చీర, అంతే తేడా. ఆ సంగతి తెలిసింది సలోమికీ నాకూ మాత్రమే, ఇద్దరమూ చెప్పడానికి లేదు. సలోమి తలవంచుకుని ఫారం సర్దుకుంది. "పోయిందండీ. ఇందులోకి రాదు, అంతే" అంది. గుమ్మం దాటుతుండగా హైమవతి గారు వెనకనుంచి, మాకో తనకో తెలియకుండా అన్నారు, "అందులో అనుమానం అని కూడా రాశారు కదూ. అదీ పోయినట్టేగా." సలోమి పోయినట్టేనంది.

సర్వే ముగిసింది. ఫారాలన్నీ సంచుల్లోకెక్కి వెళ్ళిపోయాయి. ఒక ఆదివారం చర్చినుంచి వస్తూ సలోమి ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది. క్లిప్పు వదులై నేను ఎలాగూ పనికి తక్కువవుతున్నాను. "పెద్దమ్మా, ఆ చినిగిన ముక్క తీసెయ్యండి. చొక్కాల మడతకి ఇది బాగుంటుంది" అని నన్ను బల్ల మీద పెట్టింది. నాంచారమ్మ నన్ను తిప్పి చూసి, "నా పెట్టె సంగతి రాసింది దీనిమీదే గదా" అంది. క్లిప్పు ఊడగొట్టి, తడిగుడ్డతో తుడిచి, పనిలోకి దించింది. ఇది నా మూడో కొలువు. ముందు వాటికంటే వెచ్చగా ఉంటుంది.

ఏడాది తర్వాత సర్వే ఫలితాలు పేపరులో వచ్చాయి. దేశంలో దొంగతనాలు ఎన్ని, జనం పోలీసులకు చెప్పనివి ఎన్ని, అన్నీ గీతల బొమ్మలు వేసి చూపించారు. నాకెలా తెలుసంటారా? ఇస్త్రీ చేసిన బట్టలు చుట్టడానికి నాంచారమ్మ పాత పేపర్లు తెస్తుంది. ఆ పేజీ చించి ఎవరిదో తెల్లచొక్కా చుట్టి ఇచ్చేసింది. అందులో తనది లేని సంగతి ఆమెకు తెలుసు. అందులో తనను దొంగన్న మాటా లేదని మాత్రం ఆమెకు ఇప్పటికీ తెలియదు. సలోమి చెప్పలేదు. చెప్పదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు హైమవతి గారు వచ్చారు. చేతిలో రెండు నేత చీరలు. పక్కవీధి ఇస్త్రీ అతను ఒక మంచి చీర మాడ్చాడట, అందుకని వచ్చానన్నారు. నిజమే అయి ఉండవచ్చు. మనుషులకు ఎక్కడికైనా రావాలంటే ఒక కారణం చేతిలో ఉండాలి. చీరలు బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్ళకుండా నిలబడ్డారు. చూపు పెట్టె మీద పడింది. ఇనుప పెట్టె, పిడి కాలి ఉంది.

"ఇది నీ పాతది కాదుగా?"

"కాదమ్మగారూ. ఇది మా అక్కోళ్ళది. వాడకుండా మూలన పడేసుంటే తెచ్చుకున్నా. నాది ఇత్తడిది."

హైమవతి గారు కిందికి చూశారు. వర్షాలకు కొంచెం వెలిసినా బండ మీద మచ్చ ఉంది. దాన్నే చూస్తూ అడిగారు.

"ఆ రోజు ఏం జరిగింది నాంచారమ్మా?"

నాంచారమ్మ పెట్టెలో బొగ్గులు ఊది, వేడి చూసుకుని, చీర పరిచింది. పని చేస్తూనే చెప్పింది. మేళం, మలుపు, దణ్ణం, కుమ్మరించిన నిప్పులు. నాకు అన్నీ తెలిసినవే. హైమవతి గారు మధ్యలో ఒక్క మాటా అడ్డురాలేదు. క్షమించమనీ అనలేదు. అంతా అయ్యాక, "సాయంత్రం వస్తాను" అని వెళ్ళిపోయారు.

చీరలకు నా అవసరం ఉండదు, నేను చొక్కాల అట్టను. అయినా ఆ రోజు నాంచారమ్మ ఆ చీర ఆఖరి మడత నా మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది. వెచ్చటి చీర కింద, నా ఒంటి మీద, వాళ్ళిద్దరి మూడేసి వరుసలూ, సలోమి గీసిన రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏ అక్షరం ఎవరిదో ఇప్పుడు నేను కూడా విడదీసి చెప్పలేను.